దుప్పటి దులిపేవాళ్ళు

మా నాన్న జూన్‌లో పోయాడు. అదే నెలలో గ్రాంట్లీ కూడా పోయింది. ఊరు రెండోదానికే ఎక్కువ ఏడ్చింది. నాన్న బతికుంటే ఆయనా దానికే ఏడ్చేవాడు కాబట్టి నేనేం నిష్ఠూరపడలేదు.

గ్రాంట్లీ పోయిందంటే ఊరు ఊరంతా లేచిపోయిందని కాదు. నది అవతల, మాకు ఎనిమిది మైళ్ళలో, దాని కాలేజీ, దాని గోధుమ గాదెలు, దాని పొగరు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది మా కూటమిలోంచి. మా ముత్తాతల నాటినుంచీ మా కోల్బర్న్ కాలేజీ, వాళ్ళ కాలేజీ ఒకే కూటమిలో ఉండి, ఏటా శరదృతువులో ఫుట్‌బాల్ ఆడుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ బతికాయి. ఇంతలో తూర్పు తీరంలో ఓ పెద్ద కూటమి టీవీ వాళ్ళతో కళ్ళు తిరిగే ఒప్పందం కుదుర్చుకుని, మీరూ రండి మీకూ వాటా ఇస్తాం అని ఈల వేసింది. గ్రాంట్లీ వెళ్ళింది. దాని వెనకే పట్నం కాలేజీలన్నీ వెళ్ళాయి. కోతలు మొదలయ్యేసరికి కూటమిలో మేమొక్కళ్ళమే మిగిలాం. ఒక్కళ్ళే ఉన్నదాన్ని కూటమి అంటారా అని మా అమ్మ సోల్వే అడిగింది.

నాన్నని పూడ్చిపెట్టి వచ్చాక, చర్చి వెనక గదిలో జనం హామ్ శాండ్‌విచ్‌లు తింటుంటే అమ్మ నన్ను పక్కకి లాగింది.

"కొరీన్, మీ నాన్న దుప్పటి ఎవరు దులుపుతారే?"

"ఎవరో ఒకరు దులుపుతార్లే అమ్మా. ఇప్పుడా సంగతి?"

"ఎవరో ఒకరు కాదు. గ్రాంట్లీ వాళ్ళు దులపాలి. వాళ్ళు రారుగా ఈ ఏడు."

ఇది మా ఊరి ఆచారం. మా స్టేడియంలో సీటంటే పొలం లాంటిది, తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి పిల్లలకి వస్తుంది. సీటు మనిషి పోతే ఆ ఏడాదంతా అందులో ఎవరూ కూర్చోరు. పోయినవాళ్ళ ఎర్ర ఉన్ని దుప్పటి మడిచి అక్కడ పెడతాం. చివరి ఆట ఎప్పుడూ గ్రాంట్లీతోనే. ఆట మధ్యలో విరామం ఇచ్చినప్పుడు, ఎదుటి గ్యాలరీలోంచి గ్రాంట్లీ మనిషి ఒకరు మైదానం దాటి వచ్చి, ఆ దుప్పటి తీసి గట్టిగా దులిపి, మళ్ళీ మడిచి ఇంటివాళ్ళ చేతుల్లో పెట్టాలి. వాళ్ళ ఊళ్ళో ఆట జరిగిన ఏడు మా దుప్పట్లు మేమే మోసుకెళ్ళేవాళ్ళం, వాళ్ళవి మేము దులిపేవాళ్ళం. సొంతవాళ్ళు దులిపితే చెల్లదు. ప్రేమున్నవాళ్ళు సరిగ్గా దులపరు, ఎంతో కొంత అట్టే పెట్టుకుంటారు అనేవాడు మా తాత. శత్రువైతే మొహమాటం లేకుండా దులుపుతాడు. అప్పుడు ముందుపోయినవాళ్ళు వచ్చి కొత్తగా పోయినవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్తారట. దులిపితేనే పోయినవాడు పోయినట్టు.

నాకు ఈ నమ్మకాలేం పెద్దగా లేవు. నేను బడి బస్సు నడుపుతాను. పొద్దున్నే అరవైమంది పిల్లల అరుపులు విన్నవాళ్ళకి దయ్యాల భయం ఉండదు.

ఆగస్టులో ఓ సాయంత్రం నా తమ్ముడు లైల్ భోజనానికి వచ్చాడు. వాడు కాలేజీ ఆటల ఆఫీసులో పనిచేస్తాడు. టిక్కెట్లు అమ్మే గుమాస్తాగా చేరి, ఇప్పుడు మెడలో బిళ్ళ వేసుకుని తిరిగేదాకా వచ్చాడు. పప్పు సూపులో రొట్టె ముంచుకుంటూ, బయటపడ్డాం అన్నాడు. ఎక్కడెక్కడి కాలేజీలనో మా ఊరికే రప్పించి ఆడే మా ఆటలు ఓ టీవీ సంస్థ ఈ ఒక్క ఏడాదికీ చూపించడానికి ఒప్పుకుందట. దక్షిణాదిలో ఇంకో కూటమి ఉంది, దాని దగ్గరి కాలేజీకి వెళ్ళాలన్నా రెండు విమానాలు మారాలి. మమ్మల్ని చేర్చుకోవాలా వద్దా అన్నది వాళ్ళు టీవీలో మమ్మల్ని చూసి తేల్చుకుంటారట.

"ఆటలు పొద్దున తొమ్మిదింటికి," అన్నాడు.

"తొమ్మిదింటికి దూడలకి దాణా వేస్తారు. ఫుట్‌బాల్ ఆడరు," అంది అమ్మ.

"తూర్పున అప్పటికి మధ్యాహ్నం అమ్మా. అక్కడివాళ్ళు భోజనాలు చేస్తూ చూస్తారు."

"అయితే వాళ్ళ అన్నంలోకి మనం పచ్చడన్నమాట."

నేను నవ్వాను. లైల్ నవ్వలేదు. వాడి కళ్ళకింద నల్లగా ఉంది.

"నవ్వు అక్కా, నవ్వు. గ్యాలరీ నిండుగా కనపడాలి. ఖాళీ సీట్లు కనపడ్డాయా, ఆ కూటమి మనల్ని గుమ్మం కూడా ఎక్కనివ్వదు. అప్పుడు కుస్తీ జట్టు పోతుంది, ఆడపిల్లల పరుగు జట్టు పోతుంది, ఈ వీధిలో హోటళ్ళు మూతపడతాయి. నా ఉద్యోగం సంగతి సరేసరి. పొద్దున తొమ్మిదింటికి జనాన్ని ఎక్కణ్ణుంచి తేను?"

"మీ నాన్న వెళ్తాడుగా," అంది అమ్మ. తర్వాత గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

మొదటి ఆట రోజు పొగమంచు కమ్మింది. నదిమీంచి లేచిన తెల్లటి మంచు, కోసేసిన గోధుమ మళ్ళ మీదుగా వచ్చి మైదానంలో కూర్చుంది. అమ్మకి ఆ వేసవిలోనే తుంటి ఆపరేషన్ అయింది, మెట్లెక్కలేదు. నేనే నాన్న దుప్పటి తీసుకెళ్ళి సీటు మీద పెట్టాను. ఆయన సీటుకి అటు అమ్మది, ఇటు నాది. గ్యాలరీలో అక్కడొకరు ఇక్కడొకరు కాఫీ ఫ్లాస్కులు ఒళ్ళో పెట్టుకుని ముడుచుకుని ఉన్నారు. ఆ ఏడాది పోయినవాళ్ళ దుప్పట్లు మరికొన్ని అక్కడక్కడా ఎర్రగా కనపడుతున్నాయి. ఎదుటి గ్యాలరీ, ఎప్పుడూ గ్రాంట్లీ వాళ్ళు కూర్చునేది, బోసిగా ఉంది. దానిపైన టీవీ కెమెరా ఒకటి మావైపు గురిపెట్టి ఉంది.

మైదానం అంచున నారింజ రంగు చేతొడుగులు వేసుకున్న టీవీ మనిషి నిలబడ్డాడు. వాడు చేతులు కట్టుకుంటే ఆట ఆగాలి. ప్రకటనలు అయిపోయి వాడు చేతులు దించితే మళ్ళీ మొదలవ్వాలి. కుర్రాళ్ళు ఆవిర్లు కక్కుతూ వాడి చేతులకేసి చూస్తూ నిలబడేవాళ్ళు. అలా ఆగినప్పుడల్లా స్టేడియం ఎంత నిశ్శబ్దంగా అయిపోయేదంటే, నా పక్కన ఎవరో పొద్దుతిరుగుడు గింజలు కొరికి ఊస్తున్న చప్పుడు వినపడింది. నాన్న ఆట చూస్తూ అవే తినేవాడు. నేను పక్కకి తిరిగి చూడలేదు. ఎందుకు చూడలేదంటే, భయమేసింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"అంత చలిలో ఆ మనిషి కోటు లేకుండా కూర్చుంటే పక్కనే ఉండి చెప్పలేకపోయావుటే?"

"ఎవరమ్మా?"

"మీ నాన్న."

మందుల మత్తు అనుకున్నాను. అమ్మ రికార్డు చేసిన ఆట వెనక్కి తిప్పి ఆపింది. కెమెరా ఎదుటి వైపునుంచి మా గ్యాలరీ మీదుగా మెల్లగా జరుగుతోంది. మంచు లేదు. గ్యాలరీ సగానికి పైగా నిండి ఉంది. మా వరసలో నాన్న, గళ్ళ చొక్కాతో, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, దవడ ఆడిస్తున్నాడు. రెండు వరసల పైన వసంతంలో పోయిన పళ్ళ డాక్టరు. వాళ్ళ వెనక, టోపీలు పెట్టుకుని, పాతకాలం కోట్లతో, మా తాత ఈడు మనుషులు.

"మీ తాత కూడా వచ్చాడు చూడు," అంది అమ్మ. ఆ గొంతులో భయం లేదు. "వెంటబెట్టుకెళ్దామని వచ్చాడు పాపం. ఆయనా చిక్కుకుపోయాడు."

స్టవ్ మీద నీళ్ళు పెట్టే వంకన వంటింట్లోకి వెళ్ళి గోడకానుకుని నిలబడ్డాను.

తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఊళ్ళో ఎవరూ ఈ సంగతి పైకి అనలేదు. కానీ ఆటకి వచ్చేవాళ్ళు వారం వారం తగ్గిపోయారు. శనివారం పొద్దున వీధుల్లో కుక్క కూడా తిరిగేది కాదు. ప్రతి ఇంట్లో పరదాలు వేసి, వాటి వెనక టీవీ నీలంగా వెలిగేది. చచ్చినవాళ్ళు గ్రౌండులో, బతికినవాళ్ళు టీవీల ముందు. అలా తయారైంది మా ఊరు.

టీవీ వాళ్ళు మాత్రం మహా సంతోషించారు. ఇంత పొద్దున్నే, ఇంత చలిలో, ఎంత జనమండీ అని వ్యాఖ్యాత ముచ్చటపడిపోయాడు.

నేను ప్రతి వారం వెళ్ళేదాన్ని. నాన్న దుప్పటిని ఒంటరిగా వదలలేక వెళ్ళేదాన్ని. వెళ్ళొచ్చి రికార్డు చూసేదాన్ని. మూడోసారో నాలుగోసారో నాకు తట్టింది, నా సీటు చూసుకోవాలని. నాన్న ఉన్నాడు. ఆయన పక్కన నా సీటు ఖాళీగా ఉంది. నేను వేసుకున్న ఎర్ర కోటు లేదు, ఒళ్ళో పెట్టుకున్న ఫ్లాస్కు లేదు. ఎక్కడెక్కడ బతికినవాళ్ళం కూర్చున్నామో అక్కడల్లా ఖాళీ.

"అమ్మా, నేను కనపడుతున్నానా?" అని అడిగాను.

"అడ్డం లేవే," అంది.

అమ్మ వంట మానేసింది. చర్చికి వెళ్ళడం మానేసింది. తుంటికి చెయ్యాల్సిన కసరత్తు మానేసింది. ఇంకో శనివారం దాకా అదే ఆటని తిప్పి తిప్పి చూసేది. నాన్న కనపడే చోట ఆపి, కుర్చీ ముందుకు జరుపుకుని, అక్కడే పళ్ళెం పెట్టుకుని రెండు ముద్దలు తినేది. నేను తిట్టాను, బతిమాలాను, ఒకరోజు రిమోట్ దాచేశాను. తుంటి నొప్పితో నేలమీద పాకుతూ సోఫా కింద వెతుకుతున్న అమ్మని చూసి నా గుండె చెరువైంది. నేనే తీసి ఇచ్చాను.

"నావైపే చూస్తాడే ఎప్పుడూ," అంది రిమోట్ అందుకుంటూ. "ఆట చూడడు. సూటిగా నన్నే చూస్తాడు. బతికుండగా ఎప్పుడన్నా అలా చూశాడా?"

అక్టోబరు చివర్లో, నేను ఆటకి బయల్దేరుతుంటే అమ్మ తన దుప్పటి తెచ్చి నా చేతిలో పెట్టింది. తన సొంత దుప్పటి, తన పెళ్ళికి వాళ్ళత్తగారిచ్చింది.

"ఇది నా సీటు మీద పెట్టు."

"నువ్వు బతికున్నావమ్మా."

"ఎన్నాళ్ళే? పక్కన చోటుందని చూపిస్తున్నాడు. నిన్న చేత్తో ఇలా తట్టాడు సీటుని." అమ్మ కుర్చీ చెయ్యి మీద మెల్లగా తట్టి చూపించింది. ఆవిడ మణికట్టు కర్రపుల్లలా అయిపోయింది.

ఆ దుప్పటి కారు డిక్కీలో పడేసి తాళం వేశాను. గ్యాలరీలోకి వెళ్ళకుండా తిన్నగా లైల్ దగ్గరికి వెళ్ళాను. వాడు గేటు దగ్గర టీవీ బళ్ళ పక్కన నిలబడి ఉన్నాడు.

"నీకు తెలుసు కదరా," అన్నాను.

వాడు తెలియదనలేదు.

"ఎవరికేం నష్టం అక్కా? నాన్నకి అక్కడ కూర్చోవడం ఇష్టమేగా. చివరి ఆట రోజు దక్షిణాది కూటమి పెద్దలొస్తున్నారు. ఈ గ్యాలరీ చూసే మనకి సంతకం పెడుతున్నారు. ఒక్క ఆట ఓర్చుకో."

"అమ్మ తన సీటు మీద దుప్పటి వెయ్యమంది."

లైల్ మొహం పాలిపోయింది. అంతలో లోపల్నుంచి ఎవరో పిలిస్తే బిళ్ళ సర్దుకుంటూ వెళ్ళిపోయాడు. వాడిమీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు నా సీట్లో కూర్చోలేదు. ఎదుటి గ్యాలరీకి వెళ్ళి, కెమెరా కింద నిలబడి మావైపు చూశాను. కెమెరాకి సరిగ్గా కింద, నాన్న సీటుకి ఎదురుగా ఉన్న సీటు ఎవరిదో నాకు బాగా తెలుసు. విలా ప్రూయిట్ అని గ్రాంట్లీలో శనగలు పండించే ముసలావిడ. నలభై ఏళ్ళు ఆవిడా, నాన్నా మైదానానికి చెరోవైపునుంచి ఒకళ్ళనొకళ్ళు వేలెత్తి చూపించి తిట్టుకున్నారు. నాన్న ఆవిణ్ణి ముసలి మేక అనేవాడు. ఆవిడ నాన్నని గుమ్మడికాయ అనేది. నాకు అప్పుడర్థమైంది. నాన్న చూసేది అమ్మని కాదు. కెమెరానీ కాదు. ఆ ఖాళీ సీటుని. ఆవిడ ఎప్పుడొచ్చి దులుపుతుందా అని కాసుకుని కూర్చున్నాడు.

మర్నాడే నది దాటి గ్రాంట్లీ వెళ్ళాను. విలా ప్రూయిట్ వాకిట్లో ఆకులు ఊడుస్తోంది. నా కారుకున్న ఎర్ర జెండా చూసి చీపురు గోడకానించింది.

"ఆర్విడ్ కూతురివి కదూ? ఆ ముక్కు చూస్తే తెలుస్తోందిలే. గుమ్మడికాయ పోయాడట?"

"పోలేదండీ," అన్నాను. "అదే సంగతి."

అంతా చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, కిటికీలోంచి తమ కొత్త స్టేడియంకేసి చూపించింది. టీవీ డబ్బుతో పాత గ్యాలరీ కూల్చేసి, పైన అద్దాల గదులు కట్టారు. ఎండకి అవి మెరుస్తున్నాయి.

"నా సీటున్న చోట ఇప్పుడెవరో బాంకు పెద్దలు వెచ్చగా కూర్చుని రొయ్యలు తింటారు. నాకు ఆకాశానికి దగ్గరగా ఓ చోటిస్తామన్నారు. అక్కణ్ణుంచి చూస్తే ఆటగాళ్ళు చీమలు. వచ్చే జట్లేమో ఎక్కడెక్కడివో. వాళ్ళని ఏమని తిట్టాలో కూడా తెలియదమ్మాయ్. మనిషిని తిట్టాలంటే ఎరిగుండాలి కదా."

"వస్తారా?"

"మీ పశువుల కొట్టంలోకి డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని రావాలి, అంతేనా?" కాఫీ కప్పు ఠక్కున పెట్టింది. "నలభై ఏళ్ళు మేక అన్నాడు నన్ను. దులుపుతాను. దుమ్ము రేగేలా దులుపుతాను."

చివరి ఆట రోజు మంచు ఇంకా దట్టంగా ఉంది. అమ్మ పొద్దున్నే మంచి గౌను వేసుకుని, తల దువ్వుకుని, టీవీ ముందు కూర్చుంది.

"నా దుప్పటి పెడతావుగా?"

"డిక్కీలో ఉందమ్మా," అన్నాను. అబద్ధం కాదు.

గ్యాలరీలో మేం గుప్పెడు మందిమి ఉన్నాం. ఎదుటి వైపు మంచులో ఒకే ఒక్క నీలం కోటు, కెమెరా కింద, నిటారుగా. ఆవిడ రాగానే నావైపు ఏదో మారింది. గింజలు కొరుకుతున్న చప్పుడు ఆగిపోయింది. నా మెడ వెనక, పై వరసల్లో, చాలామంది ఒక్కసారి ముందుకి వంగినట్టు చెక్కబల్లలు కిర్రుమన్నాయి. నేను నాన్న దుప్పటి మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

విరామం ఇచ్చారు. నీలం కోటు లేచి, మెట్లు దిగి, మైదానం అంచుకి వచ్చింది. నారింజ చేతులవాడు అడ్డం నిలబడ్డాడు. ఏమంటున్నాడో నాకు వినపడలేదు కానీ గేటువైపు చూపిస్తున్నాడు. ఆవిడ చీపురు లేని చేత్తో ఊడుస్తున్నట్టు వాణ్ణి పక్కకి తప్పుకోమంటోంది. ఇంకో ఇద్దరు టీవీ మనుషులు పరిగెత్తుకొచ్చారు. నేను లేచాను గానీ, మైదానం దాటి ఆవిణ్ణి తేవడం నా వల్ల కాదు. మావాళ్ళెవరూ అడుగు పెట్టకూడదు, వాళ్ళంతట వాళ్ళే రావాలి. అలాగే నిలబడ్డాను.

లైల్ ఎక్కడ్నుంచి వచ్చాడో చూడలేదు. కూటమి పెద్దల పక్కన ఉండాల్సినవాడు. వాడు అంచుదాకా నడిచి, మెడలో బిళ్ళ తీసి నారింజ చేతులవాడి చేతిలో పెట్టాడు. వాడు ఆ బిళ్ళనే చూస్తుండగా లైల్ పక్కకి జరిగి మైదానం అంచున కట్టిన తాడు ఎత్తి పట్టుకున్నాడు. ముసలావిడ వంగి, దాని కిందనుంచి దూరి, మైదానంలోకి అడుగు పెట్టింది. అంతే జరిగింది.

ఆవిడ మెట్లెక్కేసరికి ఆయాసపడుతోంది. నా మొహం కేసి చూడలేదు. నాన్న సీటు ముందు నిలబడి, ఖాళీ సీటుని కాదు, మనిషిని చూసినట్టు చూసింది.

"ఏం గుమ్మడికాయా, కాలు మీద కాలేసుకుని కూర్చున్నావు? ఇంకెవరూ తిట్టేవాళ్ళు లేరనా?"

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించింది. తుపాకి పేలినంత చప్పుడైంది. దుమ్ము, గోధుమ పొట్టు, పిడికెళ్ళకొద్దీ గింజల తొక్కలు మెట్ల మీద రాలాయి. మళ్ళీ విదిలించింది. మూడోసారికి ఏమీ రాల్లేదు. మడిచి నా చేతుల్లో పెట్టింది. చల్లగా ఉంది, మామూలు ఉన్నిలా ఉంది. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, పసిపిల్లలా ఏడ్చాను.

ఆవిడ తర్వాతి దుప్పటి దగ్గరికి వెళ్ళింది. తర్వాత ఇంకోదానికి. చేతులు నొప్పెడుతుంటే మధ్యలో ఆగి, భుజాలు నొక్కుకుని, మీవాళ్ళు చావడం కూడా తీరిగ్గా చావరు అని గొణుక్కుంటూ అన్నీ దులిపింది. మా వెనక ఎవరో నడిచివెళ్తున్నట్టు బల్లలు వరసగా కిర్రుమంటూ పైకి, ఇంకా పైకి, చివరి వరస దాకా వెళ్ళి ఆగిపోయాయి. కింద నారింజ చేతులవాడు చెవిలో యంత్రం నొక్కుకుంటూ గ్యాలరీకేసి పిచ్చిచూపులు చూస్తున్నాడు.

"జనమేరీ?" అని అరిచాడు. "జనమంతా ఏమయ్యారు?"

నేను కారు ఎంత వేగంగా నడిపానో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. ఇంట్లో టీవీ వాగుతూనే ఉంది. అమ్మ కుర్చీలో కదలకుండా ఉంది. తల పక్కకి వాలి ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాను.

"తలుపెయ్యి, చలి," అంది.

వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"లేచి వెళ్ళిపోయాడే. మీ తాత జబ్బ పట్టుకుని తీసుకెళ్ళాడు. పోతూ మీ నాన్న ఆ మేకకి టోపీ తీసి దణ్ణం పెట్టాడు గానీ, నావైపు తిరిగి చూస్తే ఒట్టు." కళ్ళు తుడుచుకుంది. "తర్వాత అంతా ఖాళీ. ఖాళీ బల్లల మధ్య ఎవరో ఒక్కత్తీ నిలబడి ఏడుస్తోంది. ఎవరబ్బా అని చూస్తే నువ్వు." నా నెత్తిమీద చెయ్యి వేసింది. "అంత చలిలో కోటు బొత్తాలైనా పెట్టుకోలేదేమే? ఈ ఏడంతా అక్కడే ఉన్నావా?"

"అక్కడే ఉన్నానమ్మా."

"ఆకలేస్తోంది. ఇంట్లో ఏముంది?"

కూటమి పెద్దలు సంతకం పెట్టలేదు. లైల్ అన్నట్టే కుస్తీ జట్టు పోయింది, వీధిలో రెండు హోటళ్ళు మూతపడ్డాయి. లైల్‌ని ఎవరూ పొమ్మనలేదు, వాడే వెళ్ళి గోధుమ గాదెల దగ్గర పనిలో చేరాడు. ఇది మంచికే జరిగిందని నేననను. మరుసటి ఏడు చుట్టుపక్కల చిన్నాచితకా కాలేజీలతో, మధ్యాహ్నం ఒంటిగంటకి, ఏ కెమెరా లేకుండా ఆడాం. అమ్మ చేతికర్రతో మెట్లెక్కి తన సీట్లో కూర్చుంది. నాన్న సీట్లో లైల్ కూర్చున్నాడు.

ఆ అక్టోబరులోనే ఓ శనివారం, మాకు ఆట లేని రోజు, ముగ్గురం హోటల్లో టిఫిన్ చేస్తున్నాం. గోడమీద టీవీలో గ్రాంట్లీ ఆట వస్తోంది. వాళ్ళ స్టేడియం కిటకిటలాడుతోంది. ఇంత పొద్దున్నే ఎంత జనమండీ అంటున్నాడు వ్యాఖ్యాత. కెమెరా అద్దాల గదుల మీదుగా జరిగింది. రొయ్యలు తింటున్న పెద్దమనుషులెవరూ లేరు. అద్దం వెనక, ముందు వరసలో, నీలం కోటు వేసుకుని విలా ప్రూయిట్ కూర్చుని ఉంది. ఆ వసంతంలో పోయిందని పేపర్లో చదివాను. సూటిగా మావైపే చూస్తోంది.

నా చేతిలో ఫోర్కు ఆగిపోయింది. అమ్మకేసి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. లైల్ గబుక్కున లేచి టీవీ కట్టెయ్యబోయాడు.

"ఉండరా," అంది అమ్మ. కళ్ళద్దాలు పెట్టుకుని తెరకేసి పరకాయించి చూసింది. "నన్ను కాదు చూసేది. ఎదుటి సీటుని."

కాఫీ ఆఖరి గుక్క తాగి, చేతికర్ర అందుకుని లేచింది.

"పదండి, కారు తియ్యండి. మనం కాకపోతే వాళ్ళకి మాత్రం శత్రువులెవరున్నారు?"